రెక్క పట్టిన చెయ్యి

9402వ రోజు

వల పుస్తకంలో రాయవలసింది పట్టిన గడ్డలెన్ని, జారిపోయినవెన్ని, అంతే. ఈరోజు ఎడమ పట్టులో నేను పట్టినవి పదకొండు. కుడి పట్టులో నా చెల్లెలు నూకాలు పట్టినవి పంతొమ్మిది. రాయవలసింది అయిపోయింది. మిగిలిన పేజీ నాది.

ఈరోజు కూడా మొదటి చెంబు దానికే వెళ్ళింది. పట్టిన మంచుని గిర్రు గదిలో కరిగిస్తారు. పడవ మొత్తంలో గిర్రున తిరిగే గది అదొక్కటే. అక్కడే కాళ్ళు నేలకి ఆనుతాయి, నీళ్ళు చెంబులో నిలుస్తాయి. కరిగిన నీళ్ళలో మొదటి చెంబు కుడి పట్టు మనిషికివ్వడం మా తాతలు భీమిలి ఒడ్డు వదిలి ఈ శని వలయానికి వచ్చిన నాటి నుంచీ ఆచారం. పద్దెనిమిదేళ్ళు ఆ చెంబు నేను తాగాను. ఏడేళ్ళుగా అది తాగుతోంది, నేను పక్కన నిలబడి మొహం మాడకుండా చూసుకుంటున్నాను. నీళ్ళ రుచిలో తేడా ఏమీ ఉండదని నాకూ తెలుసు. అయినా అది గుటక వేస్తుంటే నా గొంతు ఎండిపోతుంది.

కుడి పట్టు ఎవరిదో తేల్చేది భుజం. పట్టు అంటే భుజం దాకా వేసుకునే తొడుగు. అది తొడుక్కుంటే బయట ఉన్న అరవై గజాల ఇనుప చెయ్యి మన చేతినే అనుసరిస్తుంది. మనం ఎంత ఎత్తితే అదీ అంతే, ఒక్క డిగ్రీ ఎక్కువ ఎత్తదు. దాని చివర వల. వెనకటికి ఈ పని యంత్రాలకి నేర్పి చూశారట. వచ్చే గడ్డ ఎటు దొర్లుతోందో చూసి భుజం ముందుగానే మెత్తబడాలి, అది వాటికి రాలేదు. అందుకని పడవకి మా జాలర్ల భుజాలే దిక్కు.

నా భుజం కొలత నూట పదకొండు. నూకాలుది నూట ఇరవై రెండు. ఇద్దరం ఒకే తల్లి కడుపున పుట్టాం, ఒకే పళ్ళెంలో తిన్నాం. చెయ్యి పట్టుకుని దానికి వల విసరడం నేర్పింది నేను. ఆ పదకొండు డిగ్రీలు దానికి ఎక్కణ్ణుంచి వచ్చాయో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

9408వ రోజు

నూకాలు జుట్టు కత్తిరించుకుంది. నడుం దాటిన జుట్టుని చెవుల దాకా తెచ్చుకుంది. పొద్దున్న వంటగది దగ్గర అందరూ దాని చుట్టూ తేలుతూ "ఎంత బాగున్నాదో, పదేళ్ళు తగ్గిపోనావు" అని ఒకటే పొగడ్త. దాని వయసు నలభై రెండు. ఈ వయసులో ఈ సింగారం ఎవరికోసమో! నా జడ ఎలా ఉందని ఈ ఇరవై ఐదేళ్ళలో ఒక్కరూ అడగలేదు. నేను కత్తిరించుకుంటే పేలు పట్టాయేమోనని గిర్రు గదికి రానివ్వడం మానేస్తారు.

ఇంకొకటి. ఈ మధ్య అది తల మీదుగా వచ్చే గడ్డల్ని వదిలేస్తోంది. ఈరోజే మూడు వదిలింది, మూడూ తెల్లటి మంచి గడ్డలు. పని దిగాక అక్కగా అడిగాను.

"ఇసక గడ్డలప్పా. కరిగిస్తే మట్టే మిగుల్తాది" అంది, మొహం తిప్పుకుని.

నా కళ్ళేమీ పోలేదు. అవి ఇసుక గడ్డలు కావు. చేతికి అన్నీ అందేవాళ్ళు ఇలాగే ఏరుకుంటారు. చిన్నప్పుడు పళ్ళెంలో తొట్టి చేప ముక్కలన్నీ అది ఏరుకుని తింటుంటే అమ్మ నవ్వుతూ చూసేది, నాకు తోక మిగిలేది. ఆ గారాబమే ఇప్పుడు వల దాకా వచ్చింది.

ఇంకో అరవై రోజుల్లో పడవ వలయం పై పొర కిందుగా దాటాలి. మూడేళ్ళకోసారి దాటక తప్పదు. రెండు రోజుల పాటు గడ్డలన్నీ నెత్తి మీదనుంచే వస్తాయి, అదీ కుడివైపుకే ఎక్కువ. జనం కాపురముండే గదులన్నీ కుడివైపే ఉన్నాయి. అప్పుడు ఏరుకుంటే కుదరదు, వదిలిన గడ్డ ఆ గదుల మీదే పడుతుంది. ఈ మాట పడవ పెద్ద అసిరయ్య మావ చెవిన వేద్దామనుకున్నాను గానీ ఊరుకున్నాను. ఇప్పటికే నూకాలు మీద మూడు ఫిర్యాదులు చేశాను. దాని పట్టులో మెత్తలు నా పట్టులో మెత్తల కన్నా మందంగా ఉన్నాయని ఒకసారి, కొలబద్ద దాని వైపు వంగి ఉందని ఒకసారి, పని వేళ అది పాడే పాటల వల్ల నా గురి తప్పుతోందని ఒకసారి. మూడూ తేలిపోయాయి. పాట సంగతి మాత్రం నిజమే. అది బాగా పాడుతుంది, అదీ నా బాధ.

9415వ రోజు

రేపు కొలత. వంద రోజులకొకసారి అందరి భుజాలూ కొలిచి ఎవరు ఏ పట్టులో ఉండాలో తేలుస్తారు. ఈసారి ఒక చిక్కు వచ్చింది. అమ్మ గిర్రు గదిలో కాలు జారి మణికట్టు బెణకబెట్టుకుంది. దానితో నూకాలు రెక్క పట్టే పని నా మీద పడింది.

కొత్తగా పట్టులోకి వచ్చిన పిల్లలకి నేనే ఇది చెబుతాను గనక ఇక్కడా రాస్తున్నాను. చెయ్యి ఎత్తినప్పుడు కదిలేది ఒక్క కీలు కాదు. దండ ఎముక కొసన ఒక బంతి ఉంటుంది, వీపు మీది రెక్క ఎముకకి ఒక చిన్న గిన్నె ఉంటుంది. బంతి పెద్దది, గిన్నెకి లోతు లేదు. అందుకే భుజం ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, అందుకే తేలిగ్గా చెడుతుంది కూడా. చెయ్యి లేస్తున్నప్పుడు కీలు రెండు పాళ్ళు పనిచేస్తే, రెక్క ఎముక వీపు మీద జరిగి ఒక పాలు సాయం చేస్తుంది. మేం కొలిచేది కీలుని. కాబట్టి వెనక ఒకరు నిలబడి అరచెయ్యి అదిమి రెక్కని కదలకుండా పట్టాలి. రెక్క జారిందంటే అరవై డిగ్రీల దాకా ఊరికే వచ్చి చేరతాయి.

ఆ పట్టే చెయ్యి పరాయివాళ్ళది కాకూడదు, సొంత రక్తం అయ్యుండాలి. ఇది మావాళ్ళ పట్టింపు. మా ఇద్దరికీ ఎప్పుడూ అమ్మే పట్టేది. నా రెక్క మీద ఆమె చెయ్యి ఇనప పలకలా ఉండేది. కొలత అయ్యాక రెండు రోజుల దాకా వీపు మీద ఐదు వేళ్ళూ కనబడేవి.

రేపు నూకాలు రెక్క నా అరచేతి కింద ఉంటుంది. ఒక్క డిగ్రీ కూడా ఊరికే పోనివ్వను. నూట ఇరవై రెండులో అసలెంతో, కొసరెంతో తేల్చేస్తాను. ఎవరూ చూడటం లేదు గనక రాస్తూ నవ్వుకుంటున్నాను.

9416వ రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నూకాలుని గుంజకి నడుం దగ్గర పటకాతో బిగించారు. నేను వెనక చేరాను. కొలతలు తీసే దాలయ్య కొలబద్ద ఆనించి "ఎత్తమ్మా" అన్నాడు. నేను బలమంతా పెట్టి అదిమాను. ముప్పై దాకా బాగానే లేచింది. యాభై దాటేసరికి రెక్క నా చేతిని తోసుకుని రావడం మొదలుపెట్టింది. వదల్లేదు. అరవై రెండు దగ్గర చెయ్యి ఆగిపోయింది. అలిసిపోయి ఆగడం వేరు, అప్పుడు కండలు వణుకుతాయి. ఇది గడియ వేసిన తలుపులాగా ఆగింది. లోపల బంతి గిన్నెలో తిరగడం లేదు.

ఇరవై ఐదేళ్ళలో ఎన్నో భుజాలు నా చేతుల్లో పడ్డాయి. ఇలా ఆగే జబ్బు ఒక్కటే. కీలు చుట్టూ సంచిలాంటి పొర ఒకటి ఉంటుంది, అది ముడుచుకుని బిగుసుకుపోతుంది. పడవ మీద దాన్ని భుజం గడ్డకట్టడం అంటాం.

"అప్పా, మెల్లగా" అంది నూకాలు, నాకొక్కదానికే వినబడేలా.

నా చెయ్యి సడలింది. నేను సడలించలేదు, దానంతటదే సడలింది. రెక్క జర్రున పక్కకి జరిగింది, చెయ్యి పైకి లేచింది. దాలయ్య "నూట ఇరవై రెండు!" అని అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా ముందే, నా చేతి కిందనుంచే ఆ అంకె వెళ్ళి పలక మీదికెక్కింది.

అసలు అరవై రెండు, కొసరు అరవై. నేను తేల్చదలుచుకున్నది తేలింది గానీ దాలయ్యకి చెప్పలేదు. తరవాత నా రెక్క నూకాలు పట్టింది. నూట పదకొండు.

9417వ రోజు

అమ్మ గిర్రు గదిలో కూచుని మణికట్టుకి కాపడం పెట్టుకుంటోంది. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"నూకాలు భుజం సంగతి నీకెప్పట్నించి తెలుసు?"

"ఏటి సంగతి?" అంది, గుడ్డ పిండుకుంటూ.

"అమ్మా."

తలెత్తలేదు. "మూడు కొలతలైనాది" అంది చివరికి. "మూడుసార్లూ నానే రెక్క ఒగ్గీసి జారనిచ్చినాను."

"నా రెక్క ఎప్పుడైనా ఒగ్గినావా? ఒక్కపాలైనా?"

"నీకెందుకే ఒగ్గడం? నీకు ఉన్నది సూపితే సాలు. దానికి లేనిది దాయాల కదా."

నేను అడగాల్సింది పై పొర గురించి. రెక్క జారితే వచ్చే కొసరుతో కలిపి కూడా దాని చెయ్యి నూట ఇరవై రెండు దాటి పోదు. తల మీది గడ్డలు దానికి అందవు. ఇసుక గడ్డలని అది చెప్పిన మాట అబద్ధమే గానీ, ఏరుకుంటోందని నేననుకున్నదీ అబద్ధమే. ఆ చేతితో పై పొర కింద నిలబడితే కుడివైపు గదుల్లో ఉన్న రెండువందల మంది ఏమవుతారని అడగాలి. అవేవీ నా నోట రాలేదు. "నా వీపు మీద ఐదు వేళ్ళూ పడేటట్టు అదిమేదానివి" అన్నాను. "నువ్వు గట్టిదానివే" అంది అమ్మ. అది మెప్పు అనుకుందో ఏమో.

జబ్బుపడ్డ భుజాన్ని చూసి కుళ్ళుకునే మనిషి ఈ వలయంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. దాని భుజం మీద కాదు, ఆ భుజం మీద తేలికపడ్డ మా అమ్మ చెయ్యి మీద కుళ్ళు.

9420వ రోజు

అసిరయ్య మావ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. విన్నంత సేపూ నా మొహంలోకి చూడలేదు.

"రెక్క పట్టింది నువ్వే కదే ఎర్నమ్మా" అన్నాడు. "నీ సేతి కింద నూటిరవై రెండొచ్చినాది. ఇప్పుడు కాదంటే ఎలగ?"

"సెయ్యి సడలింది మావా."

"ఆయేల సెయ్యి సడలినాది, ఈయేల నోరు లేసినాది. మెత్తలన్నావు, కొలబద్దన్నావు, పాటలన్నావు. ఇది నాలుగోది."

"అమ్మనడుగు."

అమ్మని పిలిపించి అడిగాడు. అమ్మ మణికట్టు కట్టు సవరించుకుంటూ "నాకేటి తెలీదు" అంది. ఆయన నవ్వాపుకోవడం నేను చూశాను. ఆయన తప్పేముంది! ఏడేళ్ళుగా నా మొహం మీద ఉన్నదేదో పడవంతా చదివేసింది. ఇప్పుడు నేను నిజం చెబుతున్నా అది ఆ మొహంతోనే చెప్పాలి.

నూకాలుతో మాట్లాడదామని వెళ్ళాను. వంటగదిలో పదిమంది మధ్య ఉంది. నన్ను చూసి పక్క తలుపు లోంచి వెళ్ళిపోయింది.

9426వ రోజు

జంట వీపు అడిగాను.

పన్నెండేళ్ళుగా ఎవరూ అడగలేదు. ఇద్దరిని వీపుకి వీపు ఆనించి నడుం దగ్గర ఒకే పటకాతో బిగిస్తారు. ఒకరి రెక్క ఇంకొకరి రెక్కని అదిమి పడుతుంది, ఏ రెక్కా జరగడానికి వీలుండదు. అప్పుడు చేతులెత్తాలి. అడిగిన మనిషి ఓడితే మళ్ళీ జన్మలో ఏ పట్టులోకీ రాకూడదు. అడిగితే మాత్రం కాదనే హక్కు పడవ పెద్దకి కూడా లేదు. అందుకే అడిగాను.

పై పొర కోసం అడిగానని రాసుకోవచ్చు. సగం నిజమే. రెండో సగమేమిటంటే, అందరూ చూస్తుండగా దాలయ్య గొంతుతో అరవై రెండు అన్న మాట వినాలని ఉంది నాకు. ఆ మాట పది రోజులుగా చెవిలో మోగుతోంది. అన్నం తినేటప్పుడు కూడా మోగుతోంది.

9428వ రోజు

మధ్యాహ్నం భోజనాలయ్యాక నూకాలు నా గదికి వచ్చింది. తలుపు మూసి, గోడకున్న పట్టీ ఎడమ చేత్తో పట్టుకుంది. కుడి చెయ్యి పొట్టకి ఆనించుకుని ఉంది. ఎన్నాళ్ళుగా అలా పెట్టుకుంటోందో, నేను గమనించనేలేదు.

"రేపు నాను ఎత్తలేను. నీకు తెలుసు" అంది.

"తెలుసు."

"అందరి ముందా అప్పా?"

"మావకి సెప్పినాను. నమ్మలేదు. అమ్మ సెప్పదు. నువ్వు సెప్పవు. నన్నేటి సేయమంటావు?" అన్నాను. గొంతు పెరిగింది. "నాకు ముందే ఒక్కమాట సెప్పుంటే ఇంత వొరకూ వొచ్చునా? మూడు కొలతలు దాసినావు. అప్పనే కదా నాను, పగదాన్ని కాదు కదా!"

దాని కళ్ళు నిండాయి. ఇక్కడ కన్నీళ్ళు జారవు, కంటి దగ్గరే ముద్దగా నిలిచిపోతాయి. చేతి మడతతో తుడుచుకుంది.

"నొప్పి ఓర్సుకుంటాను" అంది. "పక్క తిరిగి పడుకోలేను, అదీ ఓర్సుకుంటాను. సెయ్యి ఎనక్కి పోక జడేసుకోలేక జుత్తు కత్తిరించీసినాను. గానీ నీకు సెప్తే నువ్వు సంతోషిస్తావు. అది సూడలేననే సెప్పలేదు."

కాదని అనాలి. ఆ సమయంలో ఎవరైనా కాదనే అంటారు. కొలత నాడు బంతి తిరగడం లేదని నా అరచేతికి తెలిసిన క్షణంలో ఏమైందో నాకు గుర్తుంది. జాలి తరవాత వచ్చింది, సడలడం ఇంకా తరవాత. మొదట వచ్చింది సంతోషమే. కంటిరెప్ప కొట్టినంతసేపు ఉంది, అంతే, కానీ ఉంది.

"అవునే" అన్నాను. "సంతోషించినాను."

నూకాలు తలూపింది. తిట్టలేదు. నేను దాని కుడి మోచెయ్యి నా చేతిలోకి తీసుకుని మెల్లగా బయటికి తిప్పి చూశాను. వేలెడంత కూడా తిరగలేదు. పళ్ళు బిగబట్టింది.

"పై పొరలో ఈ సేత్తోనే నిలబడతావా? నీ కూతురుండేది కుడేపు గదిలోనే కదే."

"తెలుసు" అంది. "రోజూ ఈయేల సెప్పీయాల అనుకుంటాను. సెయ్యి ఎలగా లేవదు. నోరూ లేవడం నేదు."

వెళ్ళిపోయింది. రేపు రానని చెప్పలేదు, వస్తానని కూడా చెప్పలేదు.

9429వ రోజు

వచ్చింది.

పడవ జనమంతా గుంజల గదిలో గోడలకి అతుక్కుని చూస్తున్నారు. అమ్మ రాలేదు. పటకా బిగించారు. నూకాలు వీపు నా వీపుకి తగిలింది. చిన్నప్పుడు ఒకే పక్కలో పడుకున్న రోజుల తరవాత మా వీపులు తగలడం ఇదే మొదలు.

దాలయ్య "ఎత్తండి" అన్నాడు. ఇద్దరం ఎత్తాం. యాభై దాటాక దాని రెక్క నా రెక్కని తోసింది. వీపు ఒక్క వెంట్రుకవాసి వెనక్కి తీసుకున్నానంటే అది జారిపోతుంది, నూట ఇరవై రెండు వస్తుంది, నేను ఓడిపోతాను. వీపు నిటారుగా పెడితే అక్కడితో ఆగుతుంది. మూడు రోజులుగా నేను కలలు కన్నది దీనికోసమే. తీరా సమయానికి నా వీపు గట్టిపడలేదు. మొన్న చెయ్యి సడలినట్టే సడలిపోతోంది.

"నొక్కప్పా" అంది నూకాలు.

నేను కదల్లేదు.

"నొక్కప్పా. నాను సెప్పలేను. నువ్వు నొక్కీ."

నొక్కాను.

దాలయ్య కొలబద్ద రెండుసార్లు చూసుకున్నాడు. అరిచి చెప్పే మనిషి మెల్లగా చెప్పాడు, అరవై రెండని. నా వైపు చూసి నూట పదకొండన్నాడు. పటకా విప్పుతుండగా నూకాలు అందరికీ వినబడేలా, "పది నెలలై ఇంతే ఉన్నాది. అప్ప సెప్పింది నిజిం" అంది. అయినా వెనకనుంచి ఎవరో "సాధించింది మొత్తానికి" అనడం నాకు వినబడింది. చూడకపోయినా అన్నది ఎవరో తెలుసు. వాళ్ళమీద కోపం రాలేదు.

సాయంత్రం మొదటి చెంబు నాకు ఇచ్చారు. ఏడేళ్ళ తరవాత. గొంతులో అడ్డం పడుతుందేమో అనుకున్నాను. పడలేదు. సిగ్గుపడుతూనే రాస్తున్నాను, ఆ నీళ్ళు ఎంతో తియ్యగా ఉన్నాయి.

9469వ రోజు

పై పొర దాటాం. రెండు రోజులూ కుడి పట్టులో నేనే ఉన్నాను. నూకాలు నా వెనక గుంజకి కట్టుకుని నిలబడి గడ్డలు ఎటునుంచి వస్తున్నాయో చెబుతూ వచ్చింది. "ఎడం దొర్లుతున్నాదప్పా, ముంజెయ్యి ఒదులు సెయ్యి, ఇప్పుడెత్తు." ప్రతిసారీ అది చెప్పిందే సరిపోయింది. చూపు కూడా దానిదే నాకన్నా మంచిదని అప్పుడు తెలిసింది. దాని గొప్ప భుజంతో ఆగిందనుకున్నాను. చూపు సంగతి ఇంకా తెలియకుండా ఉంటే బాగుండేది.

పట్టినవి నలభై మూడు. జారిపోయింది ఒకటి.

ఆ ఒకటి గురించి రాయాలి. రెండో రోజు చివర్లో సరిగ్గా నడినెత్తి దాటి వెనకనుంచి వచ్చింది. కీలుది నూట పదకొండు, రెక్క సాయం అరవై, మొత్తం నూట డెబ్భై ఒకటి దాకా ఎత్తాను. భుజంలో ఏదో పటుక్కుమన్నా ఎత్తాను. వల అంచు గడ్డకి తగల్లేదు. ఇంకో పది డిగ్రీలుంటే తగిలేది. ఒకప్పటి నూకాలు చేతికి అవి ఉండేవి, అది కళ్ళు మూసుకుని పట్టేది. గడ్డ వెళ్ళి దీపాల సామాను గదిని చీల్చుకుపోయింది. అదృష్టం, లోపల ఎవరూ లేరు. దాని పక్క గది పిల్లల బడి.

దిగాక అసిరయ్య మావ నా వీపు తట్టి, "నువ్వు సేయగలిగింది సేసినావు" అన్నాడు. ఆ మాట నిజం. దానికి మించి నేను చేయలేనన్నదీ నిజమే. మళ్ళీ మూడేళ్ళకి పై పొర వస్తుంది, అప్పటికి నాకు యాభై దాటుతాయి.

9480వ రోజు

ఈరోజు నుంచి నూకాలు భుజాన్ని నేను కరిగిస్తున్నాను. ఎవరూ నన్ను అడగలేదు. అమ్మ అసలే అడగలేదు. ఆవిడ ఇంకా నాతో మాట్లాడటం లేదు.

గడ్డకట్టిన భుజానికి మందు ఊపడమే. ముందుకి వంగి చేతిని కిందికి వేలాడేసి గుండ్రంగా ఊపాలి. బరువు లేని చోట చెయ్యి వేలాడదు, కాబట్టి గిర్రు గదిలోనే చెయ్యాలి. తరవాత గోడమీద వేళ్ళతో పాకించడం, కర్రతో బయటికి తిప్పడం. చివర్లో నేను రెక్క అదిమి పట్టి కొలవడం. రోజూ గంట. ఈరోజు అరవై నాలుగు. అరగంట దాటాక నన్నూ మా నాన్ననీ కలిపి తిట్టింది. ఆయన తనకీ నాన్నేనని తరవాత గుర్తొచ్చి ఇద్దరం నవ్వుకున్నాం.

9570వ రోజు

డెబ్భై తొమ్మిది. పక్కకి తిరిగి పడుకోగలుగుతోంది.

ఈరోజు అది రాకముందు అమ్మ వచ్చింది. మాట్లాడకుండా అటు తిరిగి రవిక కొద్దిగా దించి, "నాకూ ఎత్తడం నేదు, సూడు" అంది. ఆవిడ భుజానికి ఏమీ లేదు, వయసంతే. ఆ సంగతి నేను చెప్పలేదు. పావుగంట సేపు రెక్క పట్టి చేతిని తిప్పాను. వెళ్ళేటప్పుడు "నీది మెత్తటి సెయ్యే" అంది. ఆ మాటకి నా మనసు కరిగిందని రాస్తే అబద్ధం. నలభై ఏడేళ్ళకి కనబడిందా నా చెయ్యి అని ఒళ్ళు మండింది. మండుతూనే రేపు కూడా రమ్మన్నాను.

9716వ రోజు

కొలత. నూకాలు రెక్క నేనే పట్టాను. తొంభై తొమ్మిది. దాలయ్య పాత గొంతుతో అరిచాడు. ఎడమ పట్టులోకి పంపవచ్చన్నారు. నా రెక్క నూకాలు పట్టింది, నూట పదకొండు. కుడి పట్టు ఇంకో వంద రోజులు నాదే.

అది అందరి మధ్యలోనుంచి నన్ను వెతుక్కుంటూ వచ్చి "నీవల్లే అప్పా" అంది. బాగానే ఉంది. జుట్టు భుజాల దాకా పెరిగింది, తనే ముడేసుకుంది. ముడి కూడా ఎంత చక్కగా వేసుకుందో!

9816వ రోజు

నూట ఎనిమిది. నాది నూట పదకొండు. మూడు డిగ్రీల తేడాతో కుడి పట్టు ఇంకా నాదే.

ఈ మధ్య ఒక ఆలోచన వస్తోంది, రాసేస్తే పోతుందేమో చూస్తాను. రోజూ దాని రెక్క నా అరచేతి కింద ఉంటుంది. కర్రతో తిప్పేటప్పుడు రెండు వేళ్ళంత తక్కువ తిప్పితే చాలు. అది "సాలప్పా, నొప్పి" అన్నప్పుడు ఇంకొంచెం అని ఒత్తకుండా సరేనంటే చాలు. ఎవరికీ తెలియదు, దానికి కూడా తెలియదు. నూట పది దగ్గర ఆగిపోతుంది, కొన్ని భుజాలు అంతే అంటాను, అందరూ నమ్ముతారు. ఇప్పుడు నా మాట నమ్ముతున్నారు కదా.

రాశాను. పోలేదు.

9841వ రోజు

ఈరోజు గంట అయ్యేసరికి నూకాలు అలిసిపోయి "సాలప్పా" అంది. కర్ర పక్కన పెట్టబోయింది. నేను కర్ర తీసి మళ్ళీ దాని చేతిలో పెట్టాను. ఇంకో పదిసార్లు తిప్పించాను. తిట్టింది, తిప్పింది. లోపల చివరి బిగువు వదలడం నా అరచేతికి తెలిసింది. బంతి గిన్నెలో నునుపుగా తిరిగింది.

రెక్క అదిమి పట్టి కొలబద్ద ఆనించాను. రెండుసార్లు చూశాను, మూడోసారి కూడా చూశాను.

"ఎంతప్పా?"

"నూట పదకొండు" అన్నాను.

అది గట్టిగా అరిచి నన్ను వాటేసుకుంది, రెండు చేతులతో, కుడి చెయ్యి నా మెడ మీదుగా పైకి లేపి మరీ. నా కళ్ళు దాని మోచెయ్యి ఎంత ఎత్తున ఉందో చూస్తున్నాయి. రేపు నూట పన్నెండు వస్తుంది. వచ్చే కొలతలో కుడి పట్టు పోతుంది, చెంబు పోతుంది. దాని పాట మళ్ళీ కుడివైపునుంచి వినబడుతుంది. కడుపు మండిపోతోంది.

రేపు ఒక గంట ముందే రమ్మన్నాను.